కోచ్ పేరు వద్దని చెప్పిన షాపు

సికింద్రాబాద్ తిరుమలగిరి లాల్‌బజార్‌లో పంక్చర్ షాపుకీ బేకరీకీ మధ్య ఇరుక్కుని ఒక జెర్సీ ప్రింటింగ్ షాపు ఉంది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయింది. కనపడినా నేను రాయను, షాపాయనే వద్దన్నాడు. "ఉన్న గిరాకీకే టైం సరిపోతలేదు మేడం, ఇంకా జనాన్ని పంపకండి" అన్నాడు. అయినా రివ్యూ రాస్తున్నాను. మూడేళ్లలో ఆ మెట్లు ఏడెనిమిది సార్లు ఎక్కాను. ఒకసారైతే మా స్కూల్ స్పోర్ట్స్ డేకి 48 టీషర్టులు వేయించాను. ఆ టీషర్టుల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక జెర్సీ గురించి, దాని వీపు మీద వేయించిన ఒక పేరు గురించి చెప్పాలి.

నేను అల్వాల్‌లో లెక్కల టీచర్ని. ఫుట్‌బాల్‌ని మా ఇంట్లోకి తెచ్చింది మావాడు. 2022 మార్చి 20 రాత్రి వాడు ఆరో తరగతి. గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ. నేను హాల్లో కూర్చుని యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. 88వ నిమిషం దాకా మనం ఒక గోల్ వెనకే. అప్పుడు సాహిల్ తవోరా అనే కుర్రాడు దూరం నుంచి కొట్టిన బంతి నెట్లో పడింది. మావాడి అరుపుకి నా ఎర్ర పెన్ను ఎవరిదో పేపరు మీద అడ్డంగా గీత గీసింది. ఆ తర్వాత పెనాల్టీలు. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఆ రాత్రి ఇక పేపర్లు దిద్దలేదు.

ఆ జట్టు రెండేళ్ల కింద ఎలా ఉండేదో మావాడు నాకు లెక్కల భాషలోనే చెప్పాడు, నాకు అదే అర్థమవుతుందని. 2019-20లో 18 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. అలాంటి జట్టు 2022లో కప్పు ఎత్తింది. మధ్యలో వచ్చింది ఒక్క మనిషి, కోచ్ మనోలో మార్క్వెజ్. బార్సిలోనా ఆయన. నెరిసిన జుట్టు. టచ్‌లైన్ దగ్గర నిలబడితే మా పాత హెడ్మాస్టారు గ్రౌండ్‌లో ప్రేయర్ చూస్తున్నట్టు ఉంటాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, యాసిర్ లాంటి మన దేశపు కుర్రాళ్లని నమ్మి ఆడించాడు. నేను టీచర్ని కాబట్టి నాకు నచ్చింది అదే. ర్యాంకు పిల్లల్ని బయటి నుంచి తెచ్చుకుని ర్యాంకులు చూపించడం ఒక రకం. ఉన్న క్లాసుతోనే లాక్కురావడం ఇంకో రకం.

2022 డిసెంబర్‌లో గచ్చిబౌలి స్టేడియం గేటు బయట ఫుట్‌పాత్ మీద 350 రూపాయలకి ఒక పసుపు జెర్సీ కొన్నాం. అసలుది కాదు, అది అందరికీ తెలిసిందే. వెనక ఖాళీ. ఓగ్బెచే పేరు వేయిస్తాడనుకున్నాను. ముందు సీజన్‌లో 18 గోల్స్ కొట్టినవాడు, అందరూ ఆయన పేరే వేయిస్తున్నారు. మావాడు మాత్రం "మనోలో అని వేయించు అమ్మా. తెలుగులో" అన్నాడు.

అలా ఈ షాపుకి మొదటిసారి వెళ్లాను.

లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటు లేదు. ఒక హీట్ ప్రెస్, స్టిక్కర్ షీట్లు కోసే ప్లాటర్, ఎప్పటిదో ఒక కంప్యూటర్. షాపాయనకి నలభై ఏళ్లుంటాయి, అందరూ భాయ్ అంటారు. మూల కుర్చీలో వాళ్ల నాన్న, ఆయన అందరికీ చాచా. సాయంత్రాలు పనిచేసే ఇంటర్ కుర్రాడు ఒకడు గుండుసూదితో అక్షరాల మధ్య ముక్కలు ఏరుతుంటాడు.

ఏ పేరో చెప్పగానే భాయ్ జెర్సీని మడిచి నా చేతికే తిరిగిచ్చాడు.

"కోచ్ పేరా? నక్కో మేడం. ప్లేయర్ పేరు వేయించుకోండి. వాడు పోయినా నంబరన్నా పనికొస్తది. కోచ్‌కి నంబర్ కూడా ఉండదు."

"మనోలో పోడు," అన్నాడు మావాడు.

భాయ్ వాణ్ణి చూసి నవ్వలేదు. అదే నాకు నచ్చింది. "బాగా ఆడిస్తున్నాడు కదా బేటా. పాడుగా ఆడిస్తే వీళ్లే పంపిస్తరు, బాగా ఆడిస్తే వాళ్లొచ్చి తీసుకపోతరు. నేను పేర్లు వేస్తా, పేర్లు తీస్తా. తీసేదానికి ఎక్కువ చార్జి."

150 రూపాయలు వచ్చే పనిని వద్దని చెప్పే దుకాణదారుణ్ణి మీరు ఈ మధ్య ఎక్కడన్నా చూశారా? ఈ రివ్యూలో నేనిచ్చే మొదటి స్టార్ దానికే. వేయించొద్దన్నాడు, కారణం చెప్పాడు, మేం మొండికేస్తే "సరే, మీ ఇష్టం" అని పనిలోకి దిగాడు.

ఆయన చెప్పిన కారణం మాకు తెలియనిది కాదు. ఆ చలికాలం అంతా ఇంట్లో అదే భయం. మావాడు పడుకునే ముందు ఐదు నిమిషాలు నా ఫోన్ అడిగేవాడు. స్కోర్ల కోసమని నేననుకున్నాను. వాడు చూసేది మనోలో ఉన్నాడా పోయాడా అని. ఆ సీజన్‌తో ఒప్పందం అయిపోతుందని వాడికి ఎవరో చెప్పారు. ఇక చూడండి. జట్టు గెలిస్తే "ఇప్పుడు పెద్ద క్లబ్బులు చూస్తాయి" అని భయం. ఓడితే "విసుగొచ్చి పోతాడేమో" అని భయం. ఎక్కడో వేరే జట్టు నాలుగు మ్యాచ్‌లు ఓడి వాళ్ల కోచ్‌ని తీసేస్తే మాకేంటి? మాకే టెన్షన్. అక్కడ కుర్చీ ఖాళీ అయింది కదా. బస్సులో నా పక్కన కూర్చుని "అమ్మా, వాళ్లు మనోలోని అడుగుతారంటావా" అంటాడు. నేనేమో ఇంటర్నల్ మార్కులు ఎక్కించుకుంటుంటాను. నాకేం తెలుసు?

వాడి భయానికి పాత కారణం కూడా ఉంది. మనోలో కంటే ముందు ఇక్కడికి రావాల్సింది ఆల్బర్ట్ రోకా. బెంగళూరు జట్టుని 2016లో ఆసియా క్లబ్బులు ఆడే ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన మనిషి. 2020లో హైదరాబాద్ ఆయనతో ఒప్పందం చేసుకుంది. మన బెంచీ మీద ఒక సీజన్ కూడా కూర్చోకుండానే, ఆ ఆగస్టులో బార్సిలోనా పిలిచింది. కోమన్ కొత్త కోచ్‌గా వచ్చి, రోకాని ఫిట్‌నెస్ చూసుకోవడానికి తీసుకున్నాడు. బార్సిలోనా పిలిస్తే హైదరాబాద్ ఏం చేస్తుంది, పంపించింది. ఆ ఖాళీలోకే మనోలో వచ్చాడు. అంటే మన అదృష్టం కూడా ఒక పెద్ద క్లబ్బు మన కోచ్‌ని పట్టుకుపోవడం వల్ల వచ్చిందే. ఈ మాట నేను మావాడితో అన్నాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

సరే, పని సంగతి. పేరుని ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపాను. భాయ్ కంప్యూటర్‌లో తెరిస్తే మ వచ్చింది, లో వచ్చింది, మధ్యలో న పక్కన ఓత్వం విడిపోయి చుక్కల సున్నా మీద వేలాడుతోంది. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో తెలుగుకి ఈ గతి మామూలే. పెళ్లి పత్రికలు వేయించినవాళ్లకి తెలుసు. చివరికి పక్క సందులో జిరాక్స్ షాపు అబ్బాయిని పిలిచారు. అతనికి అను అనే తెలుగు ఫాంట్లలో టైపు కొట్టడం వచ్చు. కొట్టి, బొమ్మలా మార్చి ఇచ్చాడు. గంటంబావు పట్టింది. ఇంగ్లిష్‌లో అయితే ఇరవై నిమిషాల పని. తెలుగులో వేయించుకునేవాళ్లు ముందే ఫాంట్‌ని బొమ్మగా మార్చుకుని తీసుకెళ్లండి, మీకూ వాళ్లకీ మంచిది.

తర్వాత పని చూడ్డానికి బావుంటుంది. నల్ల వినైల్ షీటు మీద ప్లాటర్ బ్లేడు అక్షరాలని అద్దంలో కనపడేట్టు తిరగేసి కోస్తుంది. అక్కర్లేని ముక్కల్ని ఇంటర్ కుర్రాడు సూదితో లాగేస్తాడు. ఇంగ్లిష్ అక్షరాలైతే లాగడం తేలిక. మన వాటికి సున్నాలూ కొమ్ములూ వంపులూ, అందుకని చాలాసేపు పడుతుంది. "ఆంటీ, తెలుగుకి డబల్ చార్జి పెట్టాలి" అని గొణిగాడు. పెట్టలేదు. ప్రెస్ 150 డిగ్రీలకి పెట్టి, పదిహేను సెకన్లు నొక్కి, చల్లారాక పైన కవరు లాగాడు. పసుపు మీద నల్లగా, రెండున్నర అంగుళాల ఎత్తున మనోలో. ఒక రోజు దాకా ఉతకొద్దన్నారు, తర్వాత తిరగేసి చల్లటి నీళ్లలో ఉతకమన్నారు, పేరు మీద ఇస్త్రీ పెట్టొద్దన్నారు. ఈ మూడూ బిల్లు వెనకే రాసిచ్చారు. 150 రూపాయలకి ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్లు తక్కువ.

వేస్తున్నంతసేపూ ఆ కుర్రాడు ఇంగ్లండ్ కబుర్లు చెప్పాడు. వాడి జట్టు బ్రైటన్ అట. లాల్‌బజార్‌లో బ్రైటన్ అభిమానేంటి అంటే, కంప్యూటర్ గేమ్‌లో ఆ జట్టు తీసుకుని ఆడేవాణ్ణన్నాడు. ఆ సెప్టెంబర్‌లోనే వాళ్ల కోచ్ గ్రాహం పాటర్‌ని చెల్సీ అనే పెద్ద క్లబ్బు ఎత్తుకుపోయింది. అప్పుడు బ్రైటన్ పట్టికలో నాలుగో స్థానం. చెల్సీ ఒక రోజు తన కోచ్‌ని తీసేసింది, మర్నాటికి బ్రైటన్ కోచ్ వాళ్లవాడైపోయాడు. "ఒక్క రోజు ఆంటీ!" అన్నాడు వేలు చూపించి. మావాడి మొహం చూస్తే ఆ కుర్రాణ్ణి నోరు మూసుకోమనాలనిపించింది.

2023 ఫిబ్రవరిలో టీషర్టుల ఆర్డరుతో మళ్లీ వెళ్లాను. నాలుగు హౌస్‌లు, హౌస్‌కి పన్నెండు, ఒక్కోదానికి 65 రూపాయలు. చెప్పిన రోజు కాక రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చారు. గ్రీన్ హౌస్‌లో ఒకదాని మీద బ్లూ హౌస్ అని పడింది. అడిగితే మార్చారు, డబ్బు తీసుకోలేదు. ఒక స్టార్ తగ్గించేది ఈ ఆలస్యానికే. స్పోర్ట్స్ డే వాయిదా పడదు కదా, ఫోన్ చేస్తే "అయిపోయింది మేడం, ప్రెస్ మీదే ఉంది" అంటారు, వెళ్తే ఇంకా షీటు కూడా కొయ్యలేదు.

అయితే ఆ రోజు నేను అక్కడ గంటసేపు కూర్చున్నా విసుగు రాలేదు. చాచా కారణం. గోడకి ఆ వారం పేపర్ కటింగ్ అంటించి ఉంది, పాతతరం ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం ఫొటో. ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయారు. అమ్ముగూడ కుర్రాడు, ఇక్కడికి నాలుగడుగులు. చాచాకి ఆయన చిన్నప్పటి హీరో. 1957లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయారు, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టారు, చివరిదాకా అటే ఉండిపోయారు.

"మనోళ్లు ఎప్పుడూ కలకత్తాకే పోయిన్రు అమ్మా," అన్నాడు చాచా. "బలరాం పోయిండు. ఇప్పుడు మీ టీంల నుంచి ఆ గోవా పిలగాడు, లిస్టన్, వాడు కూడా కలకత్తాకే పాయె."

నిజమే. లిస్టన్ కొలాసో 2021లో, ఆశిష్ రాయ్ 2022లో, ఇద్దరూ మోహన్ బగాన్ జట్టుకే వెళ్లారు.

"మరి కోచ్‌లు?" అన్నాను.

"రహీం సాబ్ పోలే," అని చాచా నిటారుగా కూర్చున్నాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం గురించి హైదరాబాద్‌లో అరవై దాటిన ఫుట్‌బాల్ మనిషి ఎవరినడిగినా ఇలాగే నిటారుగా కూర్చుంటారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచారు. అదే మనిషి దేశానికీ కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. పోయేదాకా పోలీస్ జట్టుని వదల్లేదు. చాచా ఇదంతా చెప్పి, "ఆయన్ని కలకత్తా పిలిచిందో లేదో నాకెరకలే, పిలిచినా పోయేటోడు కాదు" అని తేల్చేశాడు. నేను వాదించలేదు. రహీం గారిది స్కూల్ టీచర్ ఉద్యోగం కూడా. ఊళ్లో ఇల్లూ ఉద్యోగమూ ఉన్న మనిషి వేరు, సూట్‌కేసుతో వచ్చి ఒప్పందం మీద పనిచేసే మనిషి వేరు. మాకూ కాంట్రాక్ట్ టీచర్లు ఉంటారు. మంచి ఫిజిక్స్ సార్‌ని పెద్ద కార్పొరేట్ కాలేజీ ఏప్రిల్‌లో తీసుకుపోతుంది, తల్లిదండ్రులు మా మీద పడతారు. ఆయన తప్పా అంటే కాదు. ఇంటి అద్దె ఆయనే కట్టుకోవాలి.

మార్చిలో సెమీఫైనల్. లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం, ముంబై తర్వాత మనమే. మోహన్ బగాన్‌తో ఇక్కడ 0-0, మార్చి 13న కలకత్తాలో మళ్లీ 0-0. పెనాల్టీల్లో 4-3తో పోయింది. మావాడు ఏడవలేదు, "ఇక పోతాడు" అన్నాడు అంతే. ఆ సీజన్‌తో మనోలో వెళ్లిపోయాడు, జూన్‌లో ఎఫ్‌సీ గోవా ఆయన్ని ప్రకటించింది.

గోవా పెద్ద క్లబ్బా? దీని మీద మా ఇంట్లో ఇప్పటికీ గొడవే. కప్పు మన దగ్గరుంది. వాళ్లకి అప్పటికి ఆ కప్పు లేదు, 2019-20లో లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చిన షీల్డ్ ఉంది. మా ఆయన వాదన ఏంటంటే, క్లబ్బు పెద్దదా చిన్నదా అని కప్పులు లెక్కపెట్టి చెప్పకూడదు, వచ్చే ఏడాది ఉంటుందో లేదో అన్న అనుమానం లేకపోతే అది పెద్ద క్లబ్బు. ఆయన ఫుట్‌బాల్ చూడడు. ఎల్‌ఐసీలో పనిచేస్తాడు. అప్పుడు విని ఊరుకున్నాం.

ఆ తర్వాత జెర్సీ పట్టుకుని మళ్లీ షాపుకెళ్లాం. పేరు తీయిద్దామని. మాకంటే ముందు ఇద్దరు ఉన్నారు. ఒకతను ఆకాశ్ మిశ్రా పేరు తీయించడానికి వచ్చాడు, మిశ్రా ముంబై జట్టుకి వెళ్లిపోయాడు. ఇంకొకతను సివెరియో పేరు, ఆ ఆటగాడు ఈస్ట్ బెంగాల్‌కి పోయాడు. ఓడై ఒనైండియా అనే ఆటగాడైతే మనోలో వెనకే గోవాకి. కోచ్ ఒక్కడే పోతే పోయాడనుకోవచ్చు. ఆయన పోతూ గోడలోంచి ఇటుక లాగితే పక్క ఇటుకలు కూడా కదిలాయి.

పేరు తీయడానికి 120. వెనక నుంచి వేడి చేసి, మెత్తబడగానే పట్కారుతో లాగి, మిగిలిన గమ్‌ని మందు పెట్టి తుడుస్తారు. కానీ భాయ్ ముందే చెప్పాడు, ఆరు నెలలు ఎండలో తిరిగింది కాబట్టి అక్షరాల కింద గుడ్డ పసుపు రంగు వెలవదు, చుట్టూ వెలుస్తుంది. పేరు పోయినా ఆకారం కనపడుతూనే ఉంటుందని. శాంపిల్‌గా ఇంకో జెర్సీ చూపించాడు. నిజమే, లేని పేరు చదవగలిగాం. మావాడు దాన్ని చూసి, "తీయొద్దు" అన్నాడు. భాయ్ ఈసారి నిజంగానే 120 పోగొట్టుకున్నాడు.

ఇంటర్ కుర్రాడు ఆ రోజు ఉషారుగా ఉన్నాడు. పాటర్ పోయాక వచ్చిన డి జెర్బీ వాళ్ల బ్రైటన్‌ని ఆరో స్థానంలో నిలబెట్టి మొదటిసారి యూరప్ పోటీల్లోకి తీసుకెళ్లాడు. పాటర్‌ని చెల్సీ ఏప్రిల్‌లోనే తీసేసింది, ఏడు నెలలు కూడా ఉంచలేదు. "చూశారా ఆంటీ, పోయినోడే మునిగిండు, మేం బాగున్నాం." బ్రైటన్‌కి అలా జరిగిందని మాకూ జరుగుతుందని ఆ ఒక్క సాయంత్రం నమ్మాను. వాళ్లు కోచ్ ఉన్నప్పుడే తర్వాతి కోచ్ ఎవరో చూసిపెట్టుకునే రకం. మన దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. 2023-24లో 22 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది చాలావరకు కుర్రాళ్లే. కప్పు ఎత్తిన రెండేళ్లకి 2019 నాటి లెక్కకంటే కింద. మావాడు ఆ పది పాయింట్లని తలుచుకుని "అప్పుడే నయం" అన్నాడు.

ఇప్పుడు ప్రింటు మన్నిక గురించి, అసలు రివ్యూ అంటే అదే కదా. ఏడాది దాకా చెక్కు చెదరలేదు. తప్పు నాదే, 2024 జనవరిలో ఒకసారి తిరగేయకుండా వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లలో పడేశాను. నో అక్షరం మీది ఓత్వం, న తో కలిసే చోట సన్నగా ఉంటుంది, అక్కడ పగిలి ఊడిపోయింది. మెషీన్ ఫిల్టర్‌లో దొరికింది. జెర్సీ మీద ఇప్పుడు మనలో అని ఉంది.

మావాడు దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫొటో తీసి స్నేహితులందరికీ పంపాడు. నేను స్టాఫ్‌రూమ్‌లో చూపిస్తే మా తెలుగు మేడం కళ్లద్దాలు సర్దుకుని, "తలకట్టు లేదు కాబట్టి శాస్త్రప్రకారం అది న కాదు" అంది. లోపం ఏమిటంటే సన్నటి జాయింట్లు ఉన్న ఫాంట్ ఎంచుకోవడం. లావు అక్షరాలైతే ఇలా ఊడవు. భాయ్‌కి ఈ సంగతి చెప్తే ఒప్పుకున్నాడు. నలభై రూపాయలకి కొత్త ఓత్వం అంటిస్తానన్నాడు, మావాడు మళ్లీ వద్దన్నాడు.

మనోలో గోవా జట్టుతో గచ్చిబౌలి వచ్చిన రోజు వాడు ఆ జెర్సీనే వేసుకున్నాడు. ఆయన్ని చూసి చప్పట్లు కొట్టాలా, ఊరుకోవాలా అని బస్సు దిగేదాకా మథనపడ్డాడు. చివరికి ఆయన బయటికి రాగానే అందరికంటే ముందు వాడే లేచి కొట్టాడు. ఆ తర్వాత తొంభై నిమిషాలు గోవాని తిట్టాడు. ఆయన మాత్రం అక్కడే ఆగలేదు. 2024 జూలైలో గోవాతో పాటు దేశానికీ కోచ్ అయ్యాడు. "రహీం సాబ్ కూడా రెండూ చేసిండు" అని చాచా కొంచెం మెత్తబడ్డాడు. అయితే దేశం జట్టుతో కుదరలేదు, ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, ఏడాదికి వదిలేశాడు. చాచా మళ్లీ గట్టిపడ్డాడు.

ఇక 2025లో క్లబ్బే వెళ్లిపోయింది. ఢిల్లీకి మారి, పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. రాత్రుళ్లు ఫోన్ పట్టుకుని మనోలో పోతాడా పోతాడా అని చూసిన పిల్లవాడికి, జట్టు మొత్తం పోవచ్చన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. నాకూ రాలేదు. మా ఆయనకి వచ్చింది, కానీ ఆయన ఎల్‌ఐసీ కదా.

షాపు వివరాలు కొన్ని. పొద్దున పదకొండుకి తీస్తారు, శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ టైంలో మూస్తారు. బండి పెట్టడానికి చోటు లేదు, బేకరీ ముందు పెడితే బేకరీ ఆయన తిడతాడు, ఒక దిల్‌పసంద్ కొంటే తిట్టడు. యూపీఐ తీసుకుంటారు, సిగ్నల్ ఉంటే. పేరు 150, నంబర్ 100, రెండూ కలిపి వేయిస్తే తగ్గించి 220. తెలుగుకి ఇప్పుడు 30 ఎక్కువ, ఇంటర్ కుర్రాడు వెళ్లిపోయాక కొత్తగా వచ్చినమ్మాయి ఆ రేటు పెట్టించుకుంది. న్యాయమే. స్కూల్ ఆర్డర్లు ఇచ్చేవాళ్లు కావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు తేదీ చెప్పండి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో వెళ్లాం. మావాడు పదో తరగతి, ఆ జెర్సీ వాడికి ఎప్పుడో పొట్టయింది, మా చెల్లెలి కొడుక్కి ఇవ్వమంటే ఇవ్వడు. ఈసారి వాడి స్కూల్ టీం జెర్సీకి నంబర్ వేయించడానికి. చాచా కుర్చీలో నిద్రపోతున్నాడు. బలరాం ఫొటో ఇంకా ఉంది, అంచులు పచ్చబడ్డాయి. ప్రెస్ పైన గోడకి కొత్తగా ఒక ఏ4 కాగితం, లావు అక్షరాల్లో, జాయింట్లు కూడా లావుగా: "ప్లేయర్ పేర్లకు 6 నెలల గ్యారంటీ. కోచ్ పేర్లకు గ్యారంటీ లేదు."

"ఎవరైనా అడుగుతున్నారా భాయ్, కోచ్ పేర్లు?" అన్నాను.

"మీ తర్వాత ముగ్గురొచ్చిన్రు," అన్నాడు, ప్రెస్ మూత దించుతూ. "ముగ్గురికీ వద్దనే చెప్పిన. ముగ్గురూ వేయించుకున్నరు."